ఉప్పు వెయ్యని చేపల పులుసు

గొర్రెల మంద అమ్మేస్తున్నారన్న సంగతి నాకు మొదట చెప్పింది మా ఆస్పత్రిలో కసువు ఊడ్చే అక్క. ఆమెదీ ఆ మంద కాసేవాళ్ళ ఊరే. పొద్దున్నే పొరక గోడకు ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుంటా చెప్పింది.

"ఆయప్ప మంద బేరానికి పెట్టినాడంట మా. బెంగళూరు పెద్దాస్పత్రికి పోవాలంటే దుడ్లు యాడివి? ఎల్లుండి యాపారి వస్తాడంట చూసేకి."

"ఎవురాయప్ప?"

"అదే, నువ్వు బల్ల మీద కూర్చోబెట్టి చేపలు తినమని చెప్తివే, ఆయప్ప."

నా చేతిలో ఉన్న కాఫీ గ్లాసు అట్లే పెట్టేసినాను. ఆ మనిషి నాకు బాగా గుర్తు. ఆయన కంటే ఆయన భార్య ఇంకా బాగా గుర్తు.

రోగులకు తిండి గురించి చెప్పే పనిలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. చదువుకున్నవాళ్ళు, తెలివైనవాళ్ళు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నేను బడికి పోయినదాన్ని కాదు. పుట్టింది ధర్మవరంలో. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం పక్కన నన్ను కూర్చోబెట్టుకొని పలక మీద అక్షరాలు దిద్దించేవాడు. నేను తప్పు రాస్తే ఏమీ అనడు, నేసేది ఆపుతాడు. మగ్గం చప్పుడు ఆగిందంటే ఎక్కడో తప్పు రాసినానని నాకు తెలిసేది. ఆ చదువుతోనే, పెళ్ళయి హిందూపురం వచ్చినాక, పెనుకొండలో ఒక చిన్న ఆస్పత్రిలో పని దొరికింది. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం బస్సెక్కి రావడం. రిటైరయ్యేదాకా ఆ పనే మా ఇంటికి అన్నం పెట్టింది. కదిరి నరసింహస్వామి దయ అనుకుంటాను, నాయన ఓపిక అనుకుంటాను.

పని పెద్దదేం కాదు. డాక్టరు చూసి చీటీ రాసినాక ఆ మనిషి వరండాలో నా బల్ల దగ్గరికి వచ్చి, దాని ముందున్న పొడుగు బల్ల మీద కూర్చుంటాడు. ఏ మాత్ర ఎప్పుడు మింగాలి, ఏం తినాలి, ఏం మానాలి అనేది వాళ్ళ మాటల్లో వాళ్ళకు చెప్పాలి. అంతే.

అప్పుడు మాకున్న డాక్టరమ్మ గోదావరి పక్క నుంచి వచ్చిన పిల్ల. వయసు చిన్నదే గానీ హస్తవాసి మంచిది. ముసలివాళ్ళు చెప్పిందే చెప్తున్నా మధ్యలో ఆపేది కాదు. నా బల్లకు ఎదురుగా కిటికీలో మందులిచ్చే కాంపౌండరు. పెనుకొండ మనిషే. చెయ్యి చీటీల మీద, చెవి మా బల్ల మీద, నోరు ఊరి మీద. ఆయన లేకుంటే మాకు పొద్దు పోయేది కాదు, ఉంటే పని జరిగేది కాదు.

ఆ గొర్రెలాయన మొదట వచ్చింది ఎండలు ముదిరే కాలంలో. యాభై దాటి ఉంటాయి. గొంగళి భుజం మీద, కట్టె బయట గోడకు. నడిస్తే ఆయాసం, తల తిప్పు. బీపీ బాగా ఉంది. డాక్టరమ్మ మాత్రలు రాసి, మాంసం తగ్గించి వారానికి రెండుసార్లు చేపలు తినమని చెప్పి నా దగ్గరికి పంపింది.

"వారానికి రెండు తూర్లు చేప తినాలప్పా" అన్నాను. "పొట్టేలు మాంసం తగ్గించు."

"గొర్లు కాసేవాడు చేప తింటే గొర్లు నగుతాయి మా."

"నువ్వుండు" అనింది భార్య. సన్నటి మనిషి. వచ్చినప్పటి నుంచి నా నోటి వైపే చూస్తా ఉంది. "రెండు తూర్లంటే యా యా వారాలు మా?"

"మీకు కుదిరిన వారాలు."

ఆమె చేతివేళ్ళు మడవడం మొదలుపెట్టింది. "సోమారం శివునిది, మా పొయ్యి మీదికి నీసు ఎక్కదు. మంగళారం ఆంజనేయస్వామి. బేస్తారం బాబాకు నేను ఒక్కపొద్దు. సుక్రారం సంగతి చెప్పబన్లేదు. శనివారం నరసింహస్వామి." మడిచిన వేళ్ళు ఒకసారి చూసుకొని తల ఎత్తింది. "బుధవారం, ఆదివారం. సరిగ్గా రెండే మిగిలినాయి చూడు మా. ఆ దేవుడే ఇడిచిపెట్టినాడు."

"ఇంకొక్క దేవుడు ఉండింటే ఆయప్పకు వైద్యమే లేకపోయేది" అన్నాడు కిటికీలోంచి కాంపౌండరు.

అందరం నవ్వినాము. నేనూ శనివారం ఒక్కపొద్దుండేదాన్ని, నాకు ఆమె మాట నచ్చింది కూడా. అరచెయ్యంత ముక్క చాలు, నూనెలో వేయించొద్దు, పులుసు పెట్టుకోండి, దినామూ తినబన్లేదు, రెండుసార్లు చాలు అని చెప్పినాను. ఊరగాయ, అప్పడాలు మానాలి, కూరలో ఉప్పు బాగా తగ్గించాలి అని చెప్పినాను. ఆమె ఒక్కొక్క మాటా తిరిగి నాకు అప్పజెప్పింది. పోతా పోతా గడప దగ్గర ఆగి, "అరచెయ్యంటే ఆయప్పదా, నాదా?" అని అడిగింది. అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

నెల తర్వాత వచ్చినారు. బీపీ తగ్గలేదు. ఇంకో నెలకు వచ్చినారు, ఇంకా పెరిగింది. కాళ్ళు వాచి ఉన్నాయి. చెప్పు విడిస్తే పట్టీ అచ్చు పాదం మీద గుంటగా పడి ఉంది.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

భార్య కొంగు ముడి విప్పి ఖాళీ మాత్రల అట్టలన్నీ బల్ల మీద పోసింది. ఒక్క మాత్ర మిగల్లేదు.

"ఉప్పు తగ్గించారా?"

"తగ్గించేదేంది మేడం, మానేసినాం. పులుసులో చిటికెడు వేసింటే ఒట్టు. ఊరగాయ కుండ పక్కింటోళ్ళకు ఇచ్చేస్తిని."

"చేపలు?"

"తప్పలేదు మేడం."

అన్నీ నిజాలే. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదని డాక్టరమ్మకూ తెలుసు, నాకూ తెలుసు. కాంపౌండరు మాత్రం గొర్రెలాయనను పక్కకు పిలిచి, "నిజం చెప్పప్పా, బీడీలా, సారాయా?" అన్నాడు. ఆయనకు కోపం వచ్చింది. "నా మంద మీద ఒట్టు" అన్నాడు. గొర్రెలు కాసేవాడు అంతకంటే పెద్ద ఒట్టు పెట్టడు.

డాక్టరమ్మ మందు మార్చింది, మోతాదు పెంచింది. ఆ మీదట వారానికే మళ్ళీ పిలిపించి చూసింది. మార్పు లేదు. గుండెలోనో, మూత్రపిండాల్లోనో ఏదో ఉండొచ్చు, ఇక్కడ ఆ పరీక్షలు లేవు, బెంగళూరు పోవాల్సి ఉంటుంది అని చెప్పింది. పెద్ద డాక్టరుకు ఉత్తరం రాసిపెడతాను, రెండు రోజుల్లో వచ్చి తీసుకోమనింది.

మంద అమ్మడమంటే ఏమిటో తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఆ ఇంటికి భూమి ఉంది గానీ వాన లేదు. కొడుకు ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ పనికి పోతాడు, పని ఉండే నెల ఉంటుంది, లేని నెల ఉండదు. చినుకు పడని ఏడు కూడా పొయ్యి వెలిగించేది ఆ జీవాలే. ఒకసారి మంద పోయిందంటే మళ్ళీ ఒక్కొక్కటిగా కూడబెట్టే వయసు కాదు ఆయనది. బెంగళూరు పోయి బాగై వచ్చినా, వచ్చి కూలికి పోవాల్సిందే. అందుకే కసువు అక్క ఆ మాట చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఉత్తరం కోసం వాళ్ళు ఆ మరుసటి రోజే వచ్చినారు. ఆయన మెట్లెక్కలేక ఆటోల దగ్గర నీడలో కూర్చున్నాడు. ఆమె ఒక్కతే పైకి వచ్చింది, చేతిలో గుడ్డసంచి. ఆమె కంటే ముందు వాసన వచ్చింది.

"ఎవురబ్బా, ఆస్పత్రిలోకి సంత తెచ్చినారు?" అన్నాడు కాంపౌండరు.

ఆమె సంచిలోంచి కాగితం పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది. "నీకే మా. బెంగళూరు పోతే మళ్ళీ ఎప్పుడొస్తామో ఏమో. ఇంత చెప్తివి, ఉత్త చేతుల్తో యాడ వచ్చేది?"

పొట్లం విప్పినాను. ఎండు చేపలు. ఒక్కొక్కటి చెయ్యి పొడవు, ఒళ్ళంతా తెల్లగా ఉప్పు కట్టి. కాగితం కదిలిస్తే ఆ ఉప్పు జలజలా రాలి బల్ల మీద పడింది.

"మంచివి మా" అనింది. "ఆయప్పకు తెచ్చిన వాటిల్లోనే ఏరినా."

నాకు వెంటనే తట్టలేదు. బల్ల మీద ఉప్పును చేత్తో ఒక పక్కకు నెడతా నెడతా ఆగిపోయినాను.

"ఆయప్పకు ఇవేనా పెడతాండావు?"

"ఇవి కాక యాడివి మా? మా ఊరికి పచ్చి చేప యాడొస్తాది? చెరువులో నీళ్ళు చూసి ఎన్నేండ్లాయె. సంతకు పోయి తెచ్చి కుండలో పెట్టుకుంటా. ఒక్క బుధవారం తప్పలేదు, ఒక్క ఆదివారం తప్పలేదు."

"నానబెట్టి కడుగుతావు కదా?"

"యాల కడిగేది? సత్తువంతా నీళ్ళలో పోదా? దుమ్ము దులిపి ఏస్తా. ఉప్పు వద్దంటిరని పులుసులో చిటికెడు కూడా ఎయ్యను. కాళ్ళు వాచినప్పటి నుంచి ఇంకో ముక్క జాస్తి పెడతాండా, కొంచెం సత్తువ రానీ అని."

కాంపౌండరు కిటికీలోంచి చూస్తా ఉన్నాడు. చీటీలు వదిలేసి, కిటికీ దగ్గర నుంచి లేచి బయటికి వచ్చినాడు. నేను ఆ ఉద్యోగంలో చేరినాక అట్ల జరగడం అదే మొదలు.

పొట్లం తీసుకొని లోపలికి పోయి డాక్టరమ్మ ముందర పెట్టి, విన్నది విన్నట్టు చెప్పినాను. ఆమె ఒక చేపను చేతిలోకి తీసుకుంది, గోరుతో ఉప్పు గీకి చూసింది.

"మా ఇంటి వెనకే కాలవ అక్కా" అనింది. "చేప అంటే నాకు గేలానికి పడిందే. ఇవి మేము వానల్లో ఎప్పుడో ఒక ముక్క నంజుకుంటాం. ఈ ఊళ్ళలో చేప ఎక్కడ్నుంచి వస్తుందో అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు."

"నేనూ అడగలేదు మేడం."

"నేను బీడీలంటిని" అన్నాడు వెనక వచ్చి నిలబడిన కాంపౌండరు.

డాక్టరమ్మ బెంగళూరు ఉత్తరం తీసి సొరుగులో పెట్టింది. "ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేను. రక్తపరీక్ష ఈ రోజే హిందూపురంలో చేయించాలి. పది రోజులు ఈ చేపలు పూర్తిగా ఆపి, మాత్రలు మాత్రం ఆపకుండా చూద్దాం. మధ్యలో ఆయాసం ఎక్కువైనా, వాపు పెరిగినా ఆగకుండా తీసుకురమ్మనండి."

ఆమే బయటికి వచ్చింది. బల్ల మీద గొర్రెలాయన భార్య పక్కన కూర్చొని, ఆ చేపల్లో ఉప్పు ఎంత ఉంటుందో, అది బీపీని ఏం చేస్తుందో మెల్లగా చెప్పింది. తప్పు మీది కాదమ్మా, చెప్పాల్సింది మేము అని కూడా చెప్పింది. ఆమె తల కదల్చకుండా విన్నది. అంతా విన్నాక డాక్టరమ్మ వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"అయితే ఆ ఉప్పంతా నేనే పెట్టినానా మా, ఆయప్పకు?"

ఆమె చెయ్యి పట్టుకున్నాను. లోపల స్వామిని తలుచుకున్నాను. నాకు అదొక్కటే చేతనైంది.

కాంపౌండరు పోయి ఆయనను నడిపించుకొని వచ్చినాడు. ఈ మాట విని భార్యను ఏమంటాడో అని నాకు భయం. ఆయన విన్నాడు. కట్టె మీద గడ్డం ఆనించినాడు.

"ఉప్పగా ఉండాదని నాకు మొదటి దినమే తెలుసు" అన్నాడు. "నాలుక మండేది."

"మరి చెప్పలేదేమప్పా?"

"ఎట్ల చెప్పేది మా. ఆయమ్మ పుట్టినప్పటి నుంచి చేప ముట్టింది లేదు. ఆ కంపు పడదు. మూతికి గుడ్డ కట్టుకోని, ఇంటి బయట మూడు రాళ్ళు పెట్టి వండుతాంది. వండినాక తల మింద నీళ్ళు పోసుకోని దీపం పెడతాంది. బాగలేదని యా నోటితో చెప్పేది? మందు కదా, మందు బాగుంటాదా అనుకోని మింగితిని."

అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుస్తానే తిట్టింది. "మూగోని మాదిరి తింటివే. గొర్లెంట తిరిగి తిరిగి గొర్రే అయితివి."

"గొర్రెకు ఉప్పు పెడితే బలమే కదా. నాకు పట్టలేదు, అంతే" అన్నాడు.

ఆమె నవ్వలేదు గానీ ఏడుపు ఆగింది. ఇంక మిగిలింది మంద.

"మాట ఇచ్చినా మా" అన్నాడాయన. "రేపు పొద్దున వస్తాడు. మాట తప్పితే ఇంకో యాపారి నా దొడ్డి దగ్గరికి రాడు."

"ఆకూవక్క మార్చుకుంటిరా?" అని అడిగింది ఆమె.

"లేదు. జీవాలు చూసినాక అన్నాడు."

"అయితే మాట ఇంకా నీ నోట్లోనే ఉండాది. మింగు. అంత ఉప్పు మింగినోనివి, ఇదొక లెక్కా."

మా వైపు ఆకూ వక్కా చేతులు మారితేనే బేరం. అంతకు ముందు ఎంత మాట్లాడినా మాటలే. ఆయన కాసేపు గొంగళి అంచు నలుపుకుంటా కూర్చొని, సరే, పది రోజుల తర్వాత రమ్మని చెప్తానన్నాడు. ఆ పది రోజుల్లో కాళ్ళ వాపు దిగకపోతే మందా పోతుంది, వాయిదా వేసిన చెడ్డపేరూ మిగులుతుంది. అది మా అందరికీ తెలుసు.

ఆ పది రోజులూ సంగటి, పప్పు, ఆకుకూర, చప్పటి మజ్జిగ. చేప ఊసే లేదు. కసువు అక్క దినామూ పొద్దున్నే వచ్చి, "పట్టీ అచ్చు ఇంకా ఉండాది", "ఈ పొద్దు కొంచెం తగ్గింది" అని చెప్పేది. పొరక పట్టుకునే ముందు అదే ఆమె మొదటి మాట. రక్తపరీక్ష కాగితం వచ్చింది, మూత్రపిండాలు బాగున్నాయి. డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి నాకు చూపించింది.

పదో రోజు ఆయన మెట్లు తనే ఎక్కి వచ్చినాడు. బీపీ పూర్తిగా సరికాలేదు గానీ, ఆ మనిషికి ఎప్పుడూ లేనంత కిందికి వచ్చింది. కాళ్ళు సన్నబడినాయి. డాక్టరమ్మ సొరుగు తీసి ఉత్తరం బయట పెట్టి, "ఇప్పటికి దీంతో పని లేదు, మాత్రలు మాత్రం మానకండి" అనింది. వ్యాపారి వచ్చి రెండు పొట్టేళ్ళు మాత్రం కొనుక్కొని పోయినాడంట. మంద నిలబడింది.

తర్వాత ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి అడిగింది. "ఇంక చేప పెట్టేదా, వద్దా?"

హిందూపురం మార్కెట్లో ఒకాయన మోపెడ్ మీద ఐసుపెట్టె కట్టుకొని బుధవారం, ఆదివారం ఎర్రమంచి పక్కకు అమ్మడానికి పోయేవాడు. ఆయనను అడిగి పెట్టినాను. ఊర్లోకి రాను గానీ రోడ్డు మీద ఊరికి తిరిగే క్రాసు దగ్గర ఆగుతానన్నాడు. ఆమె గిన్నె పట్టుకొని అక్కడ నిలబడేది. దొరికిన పొద్దు పచ్చి చేప, చింతపండు పులుసు, కూరకు సరిపడా కొంచెమే ఉప్పు. దొరకని పొద్దు పప్పు. ఒక వారం తప్పితే ఏం కాదు, చేప మాత్ర కాదు అని ఆమెకు నమ్మకం కలిగించడానికి నాకు చాలా కాలం పట్టింది. ఒకసారి తప్పిపోతే మరుసటి వారం మూడుసార్లు పెట్టాలా అని అడిగేది.

ఆ తర్వాత ఆమెకు ఏం చెప్పాలన్నా మాకు పరీక్షే. డాక్టరమ్మ పాలు తాగమంటే, "ఆవువా, గొర్రెవా, కాచినాకనా, మీగడ తీసేదా?" అని వరసగా అడుగుతుంది. ఆమె మెట్లెక్కేది చూస్తే కాంపౌండరు కిటికీ తలుపు సగం వేసేవాడు. కానీ ఆ ప్రశ్నలే మాకు పని నేర్పినాయి. యాడ తెస్తావు, ఎవురు వండుతారు, ఎట్ల వండుతారు, మిగిలింది ఎట్ల దాచిపెడతావు అని అడగకుండా నేను మళ్ళీ ఎవరినీ బల్ల మీద నుంచి లేవనియ్యలేదు. కొత్త డాక్టర్లు వచ్చినా ఆ అలవాటు పోలేదు.

ఇప్పుడు ఫోన్లలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్తున్నారు. దినామూ చేప తింటే గుండెకు కోట అంటాడు ఒకడు. వేయించి, దాని మీద ఉప్పూ కారం చల్లుకొని చూపిస్తాడు ఇంకొకడు. నన్ను అడిగినవాళ్ళకు ఇప్పటికీ పాత మాటే చెప్తాను. తినేవాళ్ళు వారానికి రెండుసార్లు, పచ్చి చేప, అరచెయ్యంత ముక్క, పులుసుగానో ఆవిరి మీదనో. బీపీ ఉన్నవాళ్ళు ఎండు చేప జోలికి పోవద్దు. తినని ఇంట్లో పుట్టినవాళ్ళు దిగులు పడబన్లేదు, అవిసె గింజలు, పప్పులు, ఆకుకూరలు దేవుడు ఇచ్చే ఉన్నాడు.

మాట వినని రోగులతో ఎట్ల వేగాలో మీకు అందరూ చెప్తారు. మాట వినే రోగుల గురించి ఎవరూ చెప్పరు. వాళ్ళు మనం చెప్పింది చెప్పినట్టు చేస్తారు, మనం చెప్పనిది వాళ్ళకు తోచినట్టు పూరించుకుంటారు.

ఆయన ఇప్పటికీ గొర్రెలు కాస్తున్నాడు, దూరం పోడు, ఊరి పక్కనే. ఆమె పోయినేడు చలికాలంలో పోయింది. వేరే జబ్బు. కబురు తెలిసి నేను పోయినప్పుడు ఇంటి బయట ఆ మూడు రాళ్ళు మసిబారి అట్లే ఉన్నాయి. ఆమె పేరు నేను రాయలేదు, అడిగినా చెప్పను. మీరు ఏ దేవునికి దండం పెట్టుకున్నా సరే, చెరువులో చుక్క నీళ్ళు లేని ఊర్లో, తను నోట పెట్టని చేపను మొగుని కోసం వారానికి రెండు తూర్లు తప్పకుండా వండిన ఆ తల్లిని ఒక్కసారి తలుచుకోండి.